దిగిన రేవే దేశం

దొర ఇంటికి భోజనానికి వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచి కంగారయ్యకు భోజనం సహించడం లేదు.

కంగారయ్య అనేది అసలు పేరు కాదు, గొడుగుల ఫ్యాక్టరీలో తోటివాళ్ళు పెట్టిన పేరు. ఎండ కాస్తే గొడుగులు అమ్ముడుపోవేమోనని, వాన పడితే అమ్మినవి కారతాయేమోనని బెంగపెట్టుకునే మనిషికి ఇంకో పేరు నప్పదు. ఎగుమతుల విభాగానికి ఆఫీసరూ అతనే, గుమాస్తా కూడా అతనే. ఆ విభాగానికి ఉన్న ఖాతాదారు కూడా ఒక్కడే. ఆ ఒక్కడే ఈ దొర.

ఫ్యాక్టరీ యజమానిని అందరూ ఉరుము అంటారు, ఆయన లేనప్పుడు. ఉరుము అతన్ని పిలిచి, తలుపులు అదిరేలా రహస్యం చెప్పాడు.

"దీవుల దొర వస్తున్నాడయ్యా. ఆర్డరు ఇవ్వాలో మానాలో ఈసారి తేల్చేస్తాట్ట. హోటలు కూడు వద్దు, ఇంటి భోజనం కావాలన్నాడు. మా ఆవిడ ఊళ్ళో లేదు. మీ ఇంట్లో పెట్టు. నేనూ వస్తాను. ఆర్డరు వచ్చిందా, నీ కుర్చీ నీది. పోయిందా, ఎగుమతులు మూసేస్తా. గోడౌన్లో కూర్చుని వంకర ఊచలు సరిచేసుకుందువు గాని."

గోడౌను తలుచుకుంటే కంగారయ్యకు గుబులే. కాని అంతకంటే పెద్ద గుబులు ఇంట్లో ఉంది.

ఆ దేశానికి రెండు భాగాలు, పల్లం, మెట్ట. రేవూ, ఫ్యాక్టరీలూ, పెద్ద మేడలూ పల్లంలో ఉన్నాయి. మెట్టలో రాళ్ళూ, గాలీ, మాట పడని మనుషులూ ఉన్నారు. పరాయి దేశాలవాళ్ళు మాత్రం మొత్తం దేశాన్ని పల్లం అనేస్తారు. కంగారయ్యది పల్లమే కాబట్టి అందులో అతనికి ఎప్పుడూ తప్పు కనపడలేదు. అతని ఇల్లాలిది మెట్ట. పైగా బడిలో భూగోళం చెప్తుంది.

ఒకసారి ఒక విదేశీ ఇన్‌స్పెక్టరు ఆవిడ ముందు నోరు జారి "మీ పల్లం దేశం" అన్నాడు. అతని కాఫీ మీగడ కట్టేదాకా ఆవిడ అట్లాసు పెట్టి పాఠం చెప్పింది. పాపం, ఆ కాఫీ అలాగే వదిలేసి, ఎవరివో చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

"ఏమోయ్, రేపు వచ్చేది పరాయి దేశస్థుడు. ఏదైనా అన్నా పట్టించుకోకు," అన్నాడు కంగారయ్య.

"ఏదైనా అంటే?"

"అదే... మన దేశాన్ని..."

"పల్లం అంటాడా?"

"అబ్బే! ఒకవేళ అన్నా, మనసులో మెట్ట కూడా ఉంటుందిలే."

"నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఈ విదేశాలవాళ్ళూ పల్లమే ఎరుగుదురు. అననివ్వండి. అట్లాసు అటక మీదే ఉంది."

"అంత చిన్నమాటకి అంత కోపమా?"

"మీకు రావట్లేదూ? మన మేడని ఊరంతా గడియారాల ఇల్లు అంటే గిన్నెలు ఎగరేస్తారు కదా!"

ఆ మాట ఎత్తితే కంగారయ్యకు ఒళ్ళు మండుతుంది. చెమటోడ్చి తాను కట్టించుకున్న మేడ అది. కింద వీధి గదిని గడియారాలు బాగుచేసే ఆయనకు అద్దెకిచ్చాడు. ఆయన గుమ్మానికి ఇంత బోర్డు తగిలించాడు. ఆనాటి నుంచీ అది గడియారాల ఇల్లయి కూర్చుంది.

"అది వేరు," అన్నాడు. అందరూ తమ విషయంలో అనేమాటే అది.

ఆలోచించగా ఆలోచించగా కంగారయ్యకు ఒక ఉపాయం తట్టింది. దొరకు ఈ దేశపు భాష కొంచెం వచ్చు. ఏదో పాత పుస్తకం చూసి నేర్చుకున్నాడు. వచ్చు కాబట్టే ప్రమాదం. అసలు నోరే తెరవకపోతే? పల్లం ఊసూ రాదు, అట్లాసు కిందికీ దిగదు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీలో దొరను పక్కకు పిలిచాడు. "దొరగారూ, మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉందండి. గుమ్మంలో అడుగుపెట్టింది మొదలు చెయ్యి కడిగేదాకా అతిథి మాట్లాడకూడదు. మాట్లాడితే ఇల్లాలికి అవమానం."

దొర చేతులు జోడించాడు. "మిక్కిలి గంభీరమైన ఆచారము. పాటించెదను."

ఇంటికి పరుగున వచ్చి భార్యతో అన్నాడు. "పాపం, దొరకి గొంతు ఆపరేషనయిందట. ఒక్క ముక్క మాట్లాడకూడదన్నారట డాక్టర్లు."

"అయ్యో! ముందే చెప్పొద్దూ? వండినవన్నీ కారాలే!" అంటూ ఆవిడ వంటింట్లోకి పరుగెత్తింది.

ఒక అబద్ధం ఇటు, ఒక అబద్ధం అటు. మధ్యలో తాను క్షేమం. కంగారయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ముందుగది సర్దాడు. దీవుల మనిషి కదా, సముద్రం కనిపిస్తే ప్రాణం లేచి వస్తుందని గోడనిండా అలలూ పడవలూ ఉన్న క్యాలెండర్లు తగిలించాడు. బల్లమీద గవ్వలు పరిచాడు.

దొర వేళకే వచ్చాడు. గోడల మీది సముద్రం చూడగానే మొహం పాలిపోయి, కడుపు పట్టుకుని, గోడకు వీపు తిప్పి కూర్చున్నాడు. 'ఇంటి బెంగ!' అనుకుని కంగారయ్య ఇంకో గవ్వ దగ్గరికి జరిపాడు.

ఇల్లాలు ఉన్ని మఫ్లరు తెచ్చి దొర మెడకు చుట్టింది. బయట రోళ్ళు పగిలే ఎండ. ఇదేదో గొప్ప సన్మానమనుకుని దొర తలవంచి స్వీకరించాడు. తర్వాత పుక్కిలించమని గ్లాసెడు వేడి ఉప్పునీళ్ళు ఇచ్చింది. ఆయన ఒక్క గుక్కలో తాగేసి, కళ్ళనీళ్ళతో ఖాళీ గ్లాసు చూపించాడు.

"మింగేశాడేమిటండీ?" అంది ఆవిడ గుసగుసగా.

"వాళ్ళ వైద్యం అలాగే ఉంటుంది."

దొర కంగారయ్య వైపు చూసి, మరి మీరు తాగరా అన్నట్టు సైగ చేశాడు. అతను కూడా ఒక గ్లాసు తాగాడు. దాంతో అతనికీ దొరకూ ఒకే రంగు వచ్చింది.

గిన్నెలో ఉప్పు లేని జావ వచ్చింది. దొర దాన్ని పరీక్షగా చూసి, ఒక్కో చెంచా ఎంతో గౌరవంగా మింగుతున్నాడు. ఈ దేశం మొత్తం రోజూ ఇదే తింటుందని ఆయన తీర్మానించుకున్నట్టు మొహమే చెప్తోంది. కంగారయ్య ఆ చెంచాలు లెక్కపెడుతున్నాడు. ఇంకొక్క పావుగంట గడిస్తే ఒడ్డున పడ్డట్టే.

అప్పుడు ఇల్లాలికి జాలి పుట్టుకొచ్చింది. బడిపిల్లల పలకా బలపమూ తెచ్చింది. "పాపం, మూగగా ఎంతసేపు కూర్చుంటారు? రాసి మాట్లాడుకుంటాం," అని, 'మీ దీవిలో వానలు ఎక్కువా?' అని రాసింది.

దొర చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. పలక తుడిచి, బలపం విరిగేలా రాశాడు. 'నాది దీవి కాదు.'

కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆవిడ కళ్ళు మెరిశాయి. భూగోళం వాసన తగిలింది. 'మరి?' అని రాసింది. దొర పెద్ద ముద్దలాగా ఒక దేశం గీశాడు. దాని కింద నీళ్ళలో కొన్ని చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల్ని చూపించి తల అడ్డంగా ఊపాడు. పైన కొండలు గీసి, అవి చూపించి తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏవండీ, ఈయన కొండలాయన! మీరు ఇన్నేళ్ళుగా దీవుల దొర, దీవుల దొర అంటున్నారే!"

"అందరూ అలాగే అంటారు," అన్నాడు కంగారయ్య.

సరిగ్గా అప్పుడే మెట్లమీద ఉరుము వినిపించింది. తలుపు తోసుకుని వస్తూనే, "ఏం దీవుల దొరా! మా పల్లం దేశం భోజనం ఎలా ఉంది?" అన్నాడు.

ఒక్క వాక్యానికి ఇద్దరు లేచి నిలబడ్డారు. దీవుల మాటకు దొర, పల్లం మాటకు ఇల్లాలు. దొర నోరు తెరవబోయి, ఆచారం గుర్తొచ్చి, పెదవుల మీద వేలు పెట్టుకుని ఉరుమును వారించాడు.

"ఇదేమిటయ్యా, పొద్దున గంటసేపు గలగలా మాట్లాడాడుగా!" అన్నాడు ఉరుము.

"మాట్లాడారా? గొంతు ఆపరేషను మనిషి?" అంది ఇల్లాలు.

"ఏ ఆపరేషను? అతిథి భాషించిన ఇల్లాలికి అవమానమని కదా మీ ఆచారము!" అన్నాడు దొర, మఫ్లరు విప్పుకుంటూ.

ముగ్గురూ కంగారయ్య వైపు తిరిగారు. అతను గవ్వల వైపు చూశాడు. ఒక్కటీ సాయానికి రాలేదు.

దొర ఉరుము వైపు తిరిగాడు. "అయ్యా, ప్రతి పెట్టె మీద మీరు 'దీవులకు' అని రాసెదరు. పెట్టెలు దీవులకే పోవును. అచటినుండి ఓడలు మారి మా కొండలకు చేరునాటికి వానాకాలము ముగియును. ఎన్నో లేఖలు రాసితిని. జవాబు కూడా 'దీవుల దొరగారికి' అనియే వచ్చెను! నేను ఆర్డరు మానుటకే వచ్చితిని. ఓడలో సముద్రము చూచి చూచి వాంతులు. ఇచటనూ గోడనిండ సముద్రమే!"

గోడౌనులో వంకర ఊచలు కంగారయ్య కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. కుర్చీ కోసం వెనక్కి తడుముకుంటే చేతికి జావగిన్నె తగిలింది.

ఇల్లాలు మాత్రం నిదానంగా అడిగింది. "బాబూ, మరి మీ పరాయి దేశాలవాళ్ళంతా మమ్మల్ని పల్లం అని ఎందుకంటారు?"

దొర తడుముకున్నాడు. "ఓడ దిగిన రేవున ఆ పేరే కనిపించినది."

"మా ఇంటికి దారి ఎలా తెలిసింది?"

"గడియారాల ఇల్లు ఏదని అడిగితిని. అందరూ చూపించిరి."

కంగారయ్య పళ్ళు పటపటమన్నాయి. ఆవిడ నవ్వింది. "చూశారా! మీరు రేవులో దిగి దేశానికి పేరు పెట్టారు. ఊళ్ళోవాళ్ళు వీధిగది చూసి ఇంటికి పేరు పెట్టారు. మీ దేశంనుంచి వచ్చిన మొదటివాడు ఎవడో దీవులవాడైతే, మా ఆయన మీ అందర్నీ దీవుల్లో పడేశాడు. గుమ్మంలో కనబడిందే ఇల్లనుకుంటాం. లోపల గదులు ఎవరికి కావాలి? ఆ గదిలో ఉన్నవాడికి మాత్రం కడుపు మండుతుంది."

దొర నెమ్మదిగా కూర్చున్నాడు. "అమ్మా, మీరు మా కొండవారివలె మాట్లాడుచున్నారు."

"మాది మెట్ట కదా," అంది ఆవిడ. పెళ్ళయి వచ్చాక ఆవిడది ఎక్కడని అడిగిన అతిథి ఒక్కడూ లేడు. కంగారయ్యకు ఆ సంగతి ఇప్పుడే తట్టింది, తట్టి సిగ్గేసింది.

తర్వాత అసలు వంట బయటికి వచ్చింది. దొర కారానికి ముక్కు తుడుచుకుంటూ మూడుసార్లు వడ్డించుకున్నాడు. మెట్ట రాళ్ళ గురించి ఆవిడా, కొండల మంచు గురించి ఆయనా గలగలా మాట్లాడుకున్నారు. ఉరుముకు కూడా సందు దొరకలేదు. చివరికి దొర, ఆర్డరు కొనసాగిస్తాననీ, కాని పెట్టెల మీద ఊరి పేరు ఈ అమ్మగారు చూసి సరేనన్నాకే ఓడ ఎక్కాలనీ షరతు పెట్టాడు.

"అలాగే!" అన్నాడు ఉరుము. "ఏమయ్యా, కుర్చీ నీదేలే. నీ పైన ఆఫీసరు మాత్రం ఈ అమ్మగారే."

గండం గడిచింది. దొరను సాగనంపడానికి అందరూ గుమ్మందాకా వచ్చారు. దొర వంగి ఇల్లాలికి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, నేను పొరబడితిని. మా కొండలకు పోయి అందరికీ చాటెదను. ఆ దేశమును ఇకపై ఎవరును పల్లము అనరాదు. దాని పేరు మెట్ట! మెట్ట దేశపు భోజనము, మెట్ట దేశపు గొడుగులు, మెట్ట దేశపు ఓడరేవు!"

రేవు! మెట్టలో చెంబెడు నీళ్ళకే కటకట. పల్లంలో పుట్టి పెరిగిన కంగారయ్యకు ఎక్కడో కలుక్కుమంది. "అబ్బే, దొరగారూ, అలా కాదండీ, మెట్ట అంటే ఒక భాగమే..." అని మొదలుపెట్టాడు.

ఇల్లాలి మడమ అతని కాలి బొటనవేలి మీద గట్టిగా దిగింది.

"పోనీలెండి," అంది ఆవిడ, దొరకు చిరునవ్వుతో చెయ్యి ఊపుతూ. "పరాయి దేశస్థుడు, పాపం. అంత చిన్నమాటకి పట్టింపేమిటి?"