విప్పిన బండే క్షేమమైన బండి

ఎదిగిన కొడుకున్న ప్రతి తల్లీ వాడికి కొనిపెట్టాల్సింది హెల్మెట్ కాదు, పానాల సెట్టు. ఈ మాట తొందరపడి అనడం లేదు. మూడు చలికాలాలు ముందుగదిలో మోటార్‌సైకిల్ పెట్టుకుని కాపురం చేసిన అనుభవంతో అంటున్నాను.

పొద్దున్నే మంచు కమ్మి ఎదురిల్లు కనపడకుండా పోయే రోజులు రాగానే, మావాడు గుమ్మం మెట్ల మీద ఒక చెక్క వేసి బండిని ఇంట్లోకి ఎక్కిస్తాడు. ఎండలు వచ్చేలోగా మొత్తం విప్పి, కడిగి, మళ్ళీ బిగించాలని వాడి ప్లాను. మంచులో బండి తీయకూడదు, ఇంటిపట్టున కూర్చుని సొంత చేతులతో సర్వీసింగ్ చేసుకోవాలి అని ఎవరో వీడియోలో చెప్పాడట. ఆ చెప్పిన మహానుభావుడెవరో గానీ, అతణ్ణి కన్నతల్లి కడుపు చల్లగా ఉండాలి.

చాలామంది దీన్ని పీడ అనుకుంటారు. నిజమే, సోఫా మీద పెట్రోల్ ట్యాంకు ఉంటుంది. భోజనాల బల్ల మీద బ్రేకులుంటాయి. నేను కూరగాయలు కడుక్కునే బేసిన్‌లో చైను కిరసనాయిల్లో నానుతూ ఉంటుంది. "ఇది ఇల్లా, షెడ్డా వదినా?" అని మా ఆడపడుచు ఒకసారి అడిగి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. దీన్ని లాభంలో వేస్తారో నష్టంలో వేస్తారో మీ ఇష్టం.

నా ఆలోచన వేరు. బ్రేకులు బల్ల మీద ఉన్నాయంటే రోడ్డు మీద ఫెయిలవవు. చక్రం మంచం కింద ఉందంటే లారీ కిందికి పోదు. బండి ఎన్ని ముక్కలైతే నా కొడుకు అంత నిక్షేపంగా ఉంటాడు. ఇంతకన్నా మంచి ఇన్సూరెన్స్ ఏ కంపెనీ ఇస్తుంది?

ఆ రోజుల్లో వాడు పనికి బస్సులో వెళ్తాడు. బస్సు బోల్తా పడదా అంటే, ఎందుకు పడదు, పడుతుంది. కానీ యాభైమందితో కలిసి పడుతుంది. టీవీలో వస్తుంది. నాకు వెంటనే తెలుస్తుంది. బండి మీద వెళ్ళినవాడి సంగతి నాకెవరు చెప్తారు? ఫోన్ తీయకపోతే ఏమైందోనని వణికిపోతాను. తీస్తే, బండి నడుపుతూ ఫోన్ ఎందుకు తీశావురా అని తిడతాను. ఈ చిక్కు విడిపోయేది ఒక్క చలికాలంలోనే.

ఇక ఆరోగ్యం. సిగరెట్ మానమని డాక్టరు చెప్పినా వినని మా ఆయన, సోఫా మీదికి ట్యాంకు వచ్చిన రోజే ఇంట్లో కాల్చడం మానేశారు. నేను కూడా కిటికీలన్నీ తెరిచి, దేవుణ్ణి తలుచుకున్నాకే స్టవ్ వెలిగిస్తున్నాను. ఇంట్లో భక్తి పెరిగిందా లేదా?

దొంగల భయమూ పోయింది. చీకట్లో మా ముందుగదిలో అడుగుపెట్టిన దొంగ రెండో అడుగు వేయలేడు. వేస్తే, పాపం, వాడి కాలికి ఏం గుచ్చుకుంటుందోనని ఇప్పుడు ఆ బెంగ కూడా నాదే.

కొడుకుని చూసి మా ఆయన కూడా కారు సర్వీసింగ్ మొదలుపెట్టారు. పెరట్లో జాకీ మీద కారు, కారు కింద ఆయన. నాకు కాళ్ళు మాత్రమే కనపడతాయి. జాకీ జారుతుందేమోనని పక్కనే పీట వేసుకుని కూర్చుంటాను. కాసేపటికోసారి "ఏమండీ" అంటాను. "ఊఁ" అంటారు. ఇన్నేళ్ళ కాపురంలో నేను పిలిచిన ప్రతిసారీ ఆయన పలికింది కారు కింద ఉన్నప్పుడే. కాపురాలు చక్కబడాలంటే ఇంటికో జాకీ ఉండాలని నా అభిప్రాయం.

మా వీధి చివరి మెకానిక్ బేరం పోయిందని ఏడుస్తాడేమో అనుకున్నాను. "విప్పుకోనివ్వండమ్మా, ఎన్నయినా విప్పుకోనివ్వండి. చివరికి గోనెసంచిలో నా దగ్గరికే వస్తుంది" అన్నాడు నవ్వుతూ. కిందటేడు సరిగ్గా అలాగే వెళ్ళింది. అంతకుముందు ఏడు బిగించాక గుప్పెడు నట్లు మిగిలాయి. "కంపెనీ వాళ్ళు ఎక్స్‌ట్రా ఇస్తారమ్మా" అన్నాడు మావాడు. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. మళ్ళీ మొత్తం విప్పాడు. అలా ఇంకో నెల హాయిగా గడిచింది.

ఈ ఏడు మాత్రం పెద్ద ఆపద వచ్చిపడింది. మావాడికి బండి బిగించడం వచ్చేసింది.

ప్రతి నట్టూ దాని చోటికి అది వెళ్ళిపోయింది. ఇంజను మొదటి తన్నుకే పలికింది. నా గుండె ఆగింది. అప్పుడు తేలిందేమిటంటే, ఒక పిన్ను లేదు. వెనక చక్రం నట్టు వదులు కాకుండా అడ్డంగా గుచ్చే పిన్నట. చూడటానికి హెయిర్‌పిన్ను చెల్లెల్లా ఉంటుంది. అది లేకుండా బండి తీయకూడదని మావాడే అన్నాడు.

వాడు వెతుకుతున్నాడు. నేను ఊడవడం మానేశాను.

"ఏంటి, ఇల్లు ఇలా ఉంది? ఒంట్లో బాగాలేదా?" అని కారు కిందికి దూరుతూ అడిగారు మా ఆయన.

"నడుం పట్టేసింది."

"ఊఁ."

అబద్ధం కాదు. నా నడుం ఎప్పుడూ పట్టేసే ఉంటుంది.

ఆదివారం మావాడు పెరట్లో బట్టల తీగ తెగ్గొడుతూ కనపడ్డాడు.

"అదెందుకురా?"

"పిన్ను దొరకట్లేదు కదమ్మా. ఈ తీగ మెలేసి గుచ్చేస్తా. ఏం కాదులే."

లోకంలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడే మాట ఆ 'ఏం కాదులే'. చీపురందుకున్నాను. వాడు తీగ తిన్నగా చేసే లోపలే సోఫా కాలికీ గోడకీ మధ్యనుంచి పిన్ను బయటికొచ్చింది.

"అక్కడ నేను వెతికానే!"

"నువ్వు కళ్ళతో వెతికావు. నేను చీపురుతో వెతికాను."

"నడుం నొప్పన్నావ్?"

"తగ్గింది."

పిన్ను గుచ్చాడు. దాని రెండు కాళ్ళూ విడదీసి వంచాడు. నేను వేలితో కదిపి చూశాను, కదల్లేదు. దొరక్కూడదని నేను కోరుకున్నదాన్ని నా చేత్తోనే వెతికి ఇచ్చాను. వాడు ముందుగదిలోంచి బండి దింపి, వీధి మలుపు తిరిగిపోయాడు. ముందుగది ఖాళీగా, శుభ్రంగా, ఎవరైనా చూసి మెచ్చుకునేలా ఉంది. నాకందులో నిలబడబుద్ధి కాలేదు. గేటు దగ్గర నిలబడ్డాను.

కాసేపటికి వచ్చాడు, నిక్షేపంగా, నవ్వుతూ. "వెన్నలా పోతోందమ్మా."

"ఏదో చప్పుడు వస్తోందిరా."

"నాకేం వినపడలేదే?"

"హెల్మెట్ పెట్టుకున్నావుగా."

తీశాడు. వంగి ఇంజను దగ్గర చెవి పెట్టాడు. మొహంలో సన్నగా అనుమానం మొదలైంది.

"ఎక్కడినుంచమ్మా?"

"అంత చదువు నాకెక్కడిదిరా? మొత్తం విప్పితే గానీ తెలీదు" అని పానా చేతికిచ్చాను.