తీగ తెగిన క్యాసెట్టు

కళ్ళజోళ్ల షాపాయన ఇంట్లో, భార్య లేని సమయం చూసి, ఎవరో ఆడమనిషి దగ్గుతోందట! పై వాటా ఆవిడ ఇస్త్రీ ఆయనతో చెప్పింది. ఇస్త్రీ ఆయన నా చొక్కా మడతపెడుతూ, నాకొక్కడికే చెబుతున్నట్టు ముఖం పెట్టి, వీధంతా వినబడేలా చెప్పాడు.

"రోజూ ఒకటే దగ్గు సార్. రెండుసార్లు దగ్గుతుంది, 'అయ్యో, మళ్ళీ మొదలుపెడదాం' అంటుంది, మళ్ళీ దగ్గుతుంది. మనిషి మాత్రం గడప దాటి బయటికి రాదు!"

పాఠకులారా, తొందరపడి ఆ మంచిమనిషి మీద నింద వేయకండి. ఆ దగ్గు ముప్ఫై ఏళ్ళ నాటిది. టేపులో ఉంది.

పేరున్న గాయని పాడిన మంచి పాటలన్నీ పక్కన పెట్టి, ఆవిడ దగ్గినవీ, తడబడినవీ, సగంలో ఆపేసినవీ ఏరుకుని ప్రేమించేవాడే సంఘానికి అసలైన మేలు చేసేవాడని నా వాదన. నవ్వకండి. నవ్వేవాళ్ళు పూర్తిగా చదివి నవ్వండి.

టేపులో దగ్గే ఆ గాయని తనే రాసి, తనే బాణీ కట్టి, తనే గిటారు మీటుతూ పాడిన మనిషి. ఆవిడ గొడుగు పాట తెలియనివాళ్ళెవరు? బస్సు డ్రైవరు ఈలలో దాన్నే పాడతాడు. పళ్ళ డాక్టరు పన్ను పీకుతూ పీకుతూ దాన్నే కూనిరాగం తీస్తాడు. అలాంటి పాటని ప్రేమించడంలో ఏముంది గొప్ప? అందరూ తాగే నీళ్ళు తాగి, నా దాహం తీరిందహో అని చాటింపు వేసుకోవడమే కదా! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు పెద్దలు. తిట్టడానికి అన్నారంటారు కొందరు. మా షాపాయన మాత్రం దాన్ని బిరుదు కింద పుచ్చుకున్నాడు.

ఆయన దగ్గర అరవై ఒక్క రికార్డింగులున్నాయి. ఒకదాంట్లో ఆవిడ గిటారు తీగలు బిగించి సరిచేసుకుంటుంది. పదకొండు నిమిషాలు. పాట ఉండదు. ఇంకొకదాంట్లో పాట ఉంది గానీ, ఫ్యాను చప్పుడులో వినబడదు. ఆ ఫ్యానుకి మూడు రెక్కలా నాలుగా అనే విషయం మీద షాపాయనకి ఖచ్చితమైన అభిప్రాయం ఉంది.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి!

మొన్న బావమరిది పది రోజులు ఉండిపోదామని పెద్ద పెట్టెతో దిగాడు. షాపాయన ఆప్యాయంగా కూర్చోబెట్టి ఆ పదకొండు నిమిషాలూ వినిపించాడు.

"తేడా తెలిసిందా?" అన్నాడు.

"ఏం తేడా బావా?"

"అయితే మళ్ళీ విను."

సాయంత్రం రైలుకే వెళ్ళిపోయాడు. కంగారులో ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి బావ చెప్పు. తలుపు మీద కుక్క ఉన్నది జాగ్రత్త అని బోర్డు పెట్టుకున్నా ఇంత పని జరుగుతుందా?

దాంపత్యం సంగతి చూడండి. షాపు వెనక గదిలో మిషను మీద లెన్సులు అరగదీసేది ఆయన భార్యే. ఆవిడకి గొడుగు పాటంటే ఇష్టం. ఆ ఇంట్లో అది పైకి చెప్పుకోదగిన ఇష్టం కాదు. అందుకని మిషను వేసి, ఆ మోత చాటున పాడుకుంటుంది. ఒక్కోసారి మిషను ఆగాక కూడా పాట ఒక అడుగు ముందుకు వచ్చేస్తుంది.

"ఏదో వినబడిందే?" అంటాడు షాపాయన.

"మిషను బేరింగు పోయినట్టుందండీ" అంటుంది ఆవిడ.

పాడాలనిపించినప్పుడల్లా మిషను వేయాలి కాబట్టి, వారానికి ఇస్తామన్న కళ్ళజోడు మూడో రోజుకే సిద్ధం! ఊళ్ళో ఇంకే షాపులోనైనా ఉందా ఈ సౌకర్యం?

ఇక ఆదివారం సాయంత్రం నాలుగింటికి షట్టరు సగం దించి సభ. సభ్యులు ముగ్గురు. షాపాయన, రిటైరైన పోస్ట్‌మాస్టరు, లెక్కల లెక్చరరు. ఒకప్పుడు నలుగురు ఉండేవాళ్ళు. నాలుగో ఆయన వింటూ వింటూ వేలితో తాళం వేసినందుకు తీసేశారు. వినేటప్పుడు తాళం కూడదు, తల ఊపు కూడదు, కూనిరాగం అసలే కూడదు. వెనక గది తలుపు మూసి ఉండాలి, మిషను ఆగి ఉండాలి. ఇంత క్రమశిక్షణ పరీక్ష హాళ్ళలో ఉందా చెప్పండి!

వాళ్ళ ఆస్తి మొత్తానికి తలమానికం తీగ తెగిన క్యాసెట్టు. గొడుగు పాటకంటే ముందు, ఒక రిహార్సల్ గదిలో ఆవిడ పాడిన పాట. రికార్డు కంపెనీవాళ్ళు వద్దన్నారు. ఎక్కడా విడుదల కాలేదు. రెండో చరణం మధ్యలో గిటారు తీగ ఠప్పున తెగుతుంది, ఆవిడ ఫక్కున నవ్వుతుంది, నవ్వుతూనే ఉత్త గొంతుతో చివరిదాకా పాడేస్తుంది. అప్పటి రికార్డింగాయనకి చత్వారం వస్తే, ఒక జత కళ్ళజోడు చేసిచ్చి షాపాయన ఆ క్యాసెట్టు సంపాదించాడు. లోకంలో అదొక్కటే.

మొన్నీమధ్య ఆ గాయని కూతురు షాపుకి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. యూనిఫాంతోనే వచ్చింది.

"అమ్మకి గొంతు ఆపరేషన్ అయిందండి. ఇక మాట రాదన్నారు. మీ దగ్గర ఏదో పాత పాట ఉందట కదా, అది కావాలంటోంది. తను రాసిందే గానీ రెండో చరణం గుర్తు రావట్లేదట. ఇదివరకైతే పాడుకుంటూ పోతే అదే వచ్చేసేది. ఇప్పుడు పాడుకోలేదు కదండీ."

షాపాయన గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. బాధతో అనుకునేరు! రాసిన మనిషి దగ్గర లేనిది తన దగ్గరుంది. అభిమానికి ఇంతకంటే పట్టాభిషేకం ఏముంటుంది?

అయినా ఒళ్ళు మరవలేదు. "దాంట్లో తీగ ఏ మాట మీద తెగుతుందో చెప్పమ్మా" అన్నాడు.

"తెలీదండి. అప్పటికి నేను పుట్టలేదు."

షాపాయన జాలిగా తల పంకించాడు. ఈ కాలం పిల్లలకి శ్రద్ధ లేదు.

వెంటనే అత్యవసర సభ. లెక్చరరు లెక్క తేల్చేశారు. "ఒకటి ఉన్నప్పుడు అపురూపం నూటికి నూరు. రెండైతే యాభై. మూడో కాపీకి మనం సభ మూసుకోవడమే."

పోస్ట్‌మాస్టరు ఇంకా లోతుకి వెళ్ళారు. "నేను ముప్ఫై అయిదేళ్ళు ఉత్తరాలు అందించాను సార్. అందిన ఉత్తరాన్ని ఎవడూ తలుచుకోడు. అందని ఉత్తరం గురించే జీవితాంతం చెప్పుకుంటారు."

ఎంత గొప్ప మాట! ఆయన పనిచేసిన పోస్టాఫీసు చుట్టుపక్కల జనం ఇప్పటికీ ఎన్నో చెప్పుకుంటారు మరి.

చివరికి పెద్దమనసు చేసుకుని తీర్మానించారు. కాపీ కుదరదు. కావాలంటే ఆవిడే ఆదివారం నాలుగింటికి వచ్చి, నిబంధనల ప్రకారం వినవచ్చు.

వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుని, మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుని, చేతిలో చిన్న నోటుపుస్తకంతో. కళ్ళ పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టారు. కూతురి ఫోను ముందే తీసుకుని ఫ్రేముల సొరుగులో పెట్టారు. షట్టరు సగం దిగింది. షాపాయన బటన్ నొక్కాడు.

పాట మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండో చరణంలో తీగ తెగింది. టేపులో పాతికేళ్ళ పిల్ల ఫక్కున నవ్వింది. కుర్చీలో ఉన్నావిడ నోరు కూడా నవ్వడానికి తెరుచుకుంది, శబ్దం రాలేదు. కుర్చీ చేతి మీద ఆవిడ వేలు మెల్లిగా తాళం వేయసాగింది.

"ష్‌..." అన్నారు లెక్చరరు, పెదవి మీద వేలు పెట్టి.

రూలు రూలే! సొంత పాట అని తాళం వేసుకుంటూ పోతే క్రమశిక్షణ ఏం కావాలి? ఆవిడ వేలు ఆగిపోయింది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

పాట అయిపోయాక ఆవిడ నోటుపుస్తకంలో రాసింది. కూతురు చదివింది.

"'మళ్ళీ మరిచిపోతాను. ఒక కాపీ ఇస్తారా?'"

షాపాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధం కాదు, నిజం నీళ్ళే. చేతులు జోడించాడు.

"అమ్మా, మీరంటే నాకు ప్రాణం. ప్రాణం కాబట్టే చెబుతున్నాను. ఇవాళ మీకిస్తే రేపు అమ్మాయి ఫోనులోకి పోతుంది, ఎల్లుండి వాళ్ళ ఆస్పత్రి మొత్తానికి. తర్వాత ప్రతివాడూ పాడతాడు. గొడుగు పాటకి పట్టిన గతే దీనికీ పడుతుంది. నా దగ్గరుంటే భద్రం. మీరు ఎప్పుడైనా రావచ్చు... ఆదివారం నాలుగింటికి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నది పాత సామెత. ఇక్కడ దేవుడే వచ్చి గుమ్మంలో నిలబడితే, పూజారి దర్శనం వేళలు చెబుతున్నాడు. భక్తి అంటే ఇదీ! ఇంత భక్తి ఇంటికొకటి ఉంటే కళలకి ఏ లోటూ ఉండదు. కళాకారులకంటారా, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు.

వెనక గది తలుపు తెరుచుకుంది. షాపాయన భార్య, చేతులకి లెన్సు పొడితో అలాగే వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఆ టేపు పెట్టెలో నవ్విందెవరు?" అంది.

షాపాయన పోస్ట్‌మాస్టరు వైపు చూశాడు. పోస్ట్‌మాస్టరు లెక్చరరు వైపు చూశారు. లెక్చరరు గోడ మీది కంటి పరీక్ష అక్షరాల్లో అన్నిటికంటే చిన్న వరుస చదువుతున్నట్టు చూస్తూ ఉండిపోయారు.

"ఆవిడ గొంతు ఆవిడకిచ్చెయ్యండి."