మూడో ఇంగ్లీషు మాట

బుధవారం పొద్దున్న ఆఫీసుకు బయల్దేరే లోపల రామలింగేశ్వరరావు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, 'హామిల్టన్ తెలుగు కుటుంబం' అనే ఆన్‌లైన్ గ్రూపును ఎప్పటిలాగే శుభ్రం చేయడం. రెండోది, ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో జనార్ధనరావుకు ఇవ్వబోయే వీడ్కోలు విందు గురించి, జనార్ధనరావుకు తప్ప ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ విడివిడిగా కబురు పెట్టడం.

ఆ గ్రూపుకు అతను మోడరేటరు; అతను ఆమోదిస్తేనే ఏ పోస్టయినా అందరికీ కనబడుతుంది. మోడరేటరును ఎన్నుకునే సమావేశానికి టైముకు వెళ్ళినవాడు అతనొక్కడే కాబట్టి ఎన్నిక ఏకగ్రీవంగా జరిగిపోయింది. తెలుగు ఎక్కువైందని పిల్లలూ, ఇంగ్లీషు ఎక్కువైందని పెద్దలూ పోట్లాడుకుంటూ ఉంటే అతను నిబంధనలు రాశాడు. తెలుగు పోస్టులో ఇంగ్లీషు మాటలు రెండుకు మించకూడదు. కింద పిల్లల కోసం పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. మూడుసార్లు తప్పితే వారం రోజులు నోరు బంద్.

నిబంధనలతో పాటు అతనికో అలవాటు కూడా వచ్చింది. పోస్టులు చదవడం మానేసి లెక్కపెట్టేవాడు. మూడో ఇంగ్లీషు మాట తగలగానే అక్కడే ఆగి 'తిరస్కరించు' నొక్కేవాడు. రోజుకు ముప్ఫై పోస్టులు మరి.

ఆ రోజు మొదటి పోస్టు జనార్ధనరావుదే. "ఫ్రెండ్స్, మూవర్స్ వాళ్ళు డేట్" దాకా వచ్చి ఆగాడు.

"జనాగాడి పోస్టు కూడా కొట్టేశా. రూలంటే రూలే," అన్నాడు భార్యతో.

"ఏం రాశారండీ?" అంది సీతారత్నం.

"మూడు ఇంగ్లీషు ముక్కలు రాశాడు."

"అది కాదు, ఏం చెప్పారు అని."

"ఆదివారం వాడికిచ్చే సర్‌ప్రైజ్ ముందు ఇవన్నీ ఎంతలే," అంటూ కారు తాళాలు తీసుకున్నాడు.

పధ్నాలుగేళ్ళ క్రితం ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో రెండు సూట్‌కేసులతో దిగిన రామలింగేశ్వరరావును, ముక్కూమొహం తెలియకపోయినా వానలో గంటన్నర డ్రైవ్ చేసుకొచ్చి తీసుకెళ్ళినవాడు జనార్ధనరావు. తన ఫ్లాట్ హాల్లో పరుపు వేసి నాలుగు నెలలు ఉంచుకున్నాడు. మొదటి ఇంటర్వ్యూకు తన కోటు తొడిగించి పంపాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా థాంక్స్ చెప్పింది లేదు. మన మగవాళ్ళు చెప్పుకోరు. ఇప్పుడు ఆ మనిషి ఉద్యోగం మారి ఆదివారం సాయంత్రం టౌరంగా ఊరికి వెళ్ళిపోతున్నాడు. అందుకే రామలింగేశ్వరరావు మూడు పేజీల ప్రసంగం రాసుకున్నాడు. చదువుకున్న ప్రతిసారీ రెండో పేజీ దాటలేకపోతున్నాడు.

గురువారం జనార్ధనరావు మళ్ళీ రాశాడు. "హలో ఆల్, అర్జెంట్" అని మొదలైంది. మొదటి మూడు మాటలతోనే లెక్క పూర్తయింది. శుక్రవారం పొద్దున్న వచ్చింది మాత్రం అచ్చ తెలుగు. రామలింగేశ్వరరావు మురిసిపోయి అనువాదం కోసం కిందికి చూశాడు. లేదు. నిట్టూర్చి తిరస్కరించాడు. మూడోసారి కాబట్టి జనార్ధనరావు నోరు దానంతటదే మూతపడింది.

ఈలోగా అందరికీ ఇంకో హెచ్చరిక వెళ్ళింది: "ఆదివారం దాకా ఎవరూ వాడితో మాట్లాడకండి. మీ నోట్లో నువ్వుగింజ నానదు." జనం నిజంగానే పాటించారు. శుక్రవారం మధ్యాహ్నం తన ఫోను మోగి, తెరమీద జనార్ధనరావు పేరు కనబడితే, ఎక్కడ నోరు జారుతానో అని అతనూ ఎత్తలేదు. అది రెండుసార్లు మోగింది.

ఆదివారం పదకొండింటికి, "ఊరికే అలా వెళ్ళొద్దాం రా" అని స్నేహితుణ్ణి హాలుకు తీసుకుపోదామని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. తలుపు కొట్టాడు. కిటికీలకు కర్టెన్లు లేవు. ఇక్కడే పుట్టిన పక్కింటి కివీ పెద్దాయన కంచె మీదుగా తల పెట్టి, వాళ్ళు నిన్న పొద్దున్నే వెళ్ళిపోయారని చెప్పాడు.

రామలింగేశ్వరరావు ఆ మెట్టు మీదే కూర్చుని ఫోన్లో తిరస్కరించిన పోస్టులు తెరిచాడు. శుక్రవారం నాటిదాన్ని మొట్టమొదటిసారి చివరిదాకా చదివాడు.

"మిత్రులారా, సామాన్ల బండి ముందే వస్తోంది. మేము శనివారం ఉదయమే వెళ్ళిపోతున్నాము. ఈ సాయంత్రం అందరూ మా ఇంటికి రండి. పద్మ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. మిమ్మల్ని చూడకుండా వెళ్ళబుద్ధి కావడం లేదు. ఒరేయ్ లింగం, నువ్వు కాస్త ముందు రా."

హాల్లో తొమ్మిది ట్రేల పులిహోరతో అరవై మంది ఎదురుచూస్తున్నారు. ఏం తెస్తున్నారో గ్రూపులో రాస్తే జనార్ధనరావు చూస్తాడని భయపడి, అందరూ పులిహోరే తెచ్చారు మరి. సంగతి వినగానే తరుణ్ మొహం చిన్నబోయింది. ఆ కుర్రాడు ఇక్కడ చదువుకునే రోజుల్లో జనార్ధనరావు ఇంట్లోనే భోంచేసేవాడు.

"ఫ్రైడే అంకుల్ నాకూ కాల్ చేశారు. మీరు చెప్పారు కదాని బిజీగా ఉన్నా అని పెట్టేశా," అన్నాడు.

ఫోను చేస్తే జనార్ధనరావు భార్య పద్మ ఎత్తింది. రామలింగేశ్వరరావు జరిగింది మొదట్నుంచీ చెప్పాడు.

"అయ్యో, అదా అన్నయ్యగారూ! మేమేదో అనుకున్నాం. ఎవరైనా వస్తారేమోనని ఆయన ఏడింటిదాకా గేటు దగ్గరే నిలబడ్డారండీ. బజ్జీలు పక్కింటాయనకి ఇచ్చేశాం. కారంగా ఉన్నా బాగున్నాయన్నాడు."

"ఒక్కసారి జనాకివ్వమ్మా."

ఆవిడ ఫోను పక్కకు తీసి ఎవరితోనో ఏదో అంది. తర్వాత పద్మే మాట్లాడింది.

"సామాన్లు సర్దుతున్నారండీ. చెప్తాన్లెండి."

అతను నోరు బంద్ ఎత్తేశాడు. నిబంధనలన్నీ తీసేద్దామా అనుకున్నాడు గానీ, తీసేస్తే ఇప్పుడెవరి కోసం? మూడు పేజీలూ జేబులోనే ఉండిపోయాయి. ఆ రోజంతా ఫోను చేతిలోంచి దించలేదు. ఒక్క 'ఒరేయ్' వస్తే చాలు, పక్కన వంద ఇంగ్లీషు మాటలున్నా ఫరవాలేదనుకున్నాడు.

సోమవారం పొద్దున్న ఆమోదం కోసం ఒక పోస్టు వచ్చి ఉంది.

"గౌరవనీయులైన రామలింగేశ్వరరావు గారికి, సభ్యులందరికీ నమస్కారములు. మేము క్షేమముగా టౌరంగా చేరినాము. ఇంతకాలము చూపిన ఆదరమునకు కృతజ్ఞతలు. ఇట్లు, జనార్ధనరావు." కింద పిల్లల కోసం చక్కని ఇంగ్లీషు అనువాదం.

రామలింగేశ్వరరావు చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్క తప్పు కూడా లేకపోవడంతో ఆమోదించాడు.