డోరిస్ మనసు బాగోలేదు

మానవజాతి సాధించిన వైద్య పురోగతి యావత్తూ చివరికి ఒక గొర్రె మూడ్ మీద ఆధారపడి ఉన్నదని ఇందుమూలంగా ప్రకటించడమైనది. ఆర్మిడేల్ ఊరి శివార్లలోని మా ల్యాబ్‌లో ఆ గొర్రె పేరు డోరిస్.

నొరీన్ టల్లీ గారు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎముకల మూలుగలో జబ్బు చేసి, ఆవిడ రక్తంలో ఒకే రకం యాంటీబాడీ ప్రోటీన్ కుప్పలుగా పోగైంది. మందులతో తగ్గింది. తగ్గకముందే మేం ఆ ప్రోటీన్‌ను వేరుచేసి డోరిస్‌కు సూది వేశాం; దాన్ని గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీలు డోరిస్ ఒంట్లో తయారయ్యాయి. ఇక డోరిస్ రక్తంలోంచి సీరం తీసి, అందరి ప్రోటీన్లకూ అంటుకునే భాగాన్ని తొలగించేస్తే, మిగిలింది నొరీన్ గారి ప్రోటీన్‌ను తప్ప ఇంకెవరినీ పలకరించదు. జబ్బు తిరగబెట్టిందో లేదో అదే చెప్పాలి.

ఆ సీరం కాస్తా నిండుకుంది. సరిగ్గా అప్పుడే ఆవిడకు నడుంనొప్పి మొదలైంది.

డోరిస్ రక్తం మళ్లీ తీయడానికి జంతు సంక్షేమ కమిటీ ససేమిరా అంది. (తోటి గొర్రె పదవీ విరమణ చేసిన దగ్గర్నుంచి డోరిస్ దిగులుగా ఉంది. దిగులు కొలిచే స్కేలు కమిటీ దగ్గర ఉంది.)

"దానికో తోడు కావాలండీ," అన్నాడు సంక్షేమాధికారి లాక్లన్ ప్రూయిట్. "కొత్త గొర్రెకు అనుమతి రావాలంటే టైం పడుతుంది."

"మరి నా దిగులు సంగతేంటి బాబూ? నిద్ర పట్టి చస్తేగా!" అన్నారు నొరీన్ గారు.

"మనుషులు తప్ప, వెన్నెముక ఉన్న ప్రాణులన్నీ మా పరిధిలోకొస్తాయండీ."

"ఆ వెన్నెముకేనయ్యా నొప్పి!"

లాక్లన్ సానుభూతిగా తలూపాడు. (తలూపడం అతని పరిధిలోనే ఉంది.)

మర్నాటినుంచి ఆవిడ మడతకుర్చీ, టీ ఫ్లాస్కూ తెచ్చుకుని డోరిస్ దొడ్లోనే కూర్చున్నారు. "ఏమే డోరిస్, తిన్నావా? ఊరుకో, నేనున్నాగా," అంటూ బస్సు పిల్లల అల్లరంతా దానికి చెప్పేవారు. డోరిస్ ఆవిడ ఒళ్లో గడ్డం ఆనించేది. కమిటీ తనిఖీ చేసి, ఆవిడను తాత్కాలిక గొర్రెగా గుర్తించింది. (ఆస్పత్రిలో స్పెషలిస్టు కోసం ఆవిడ ఇంకా వరుసలోనే ఉన్నారు. దొడ్లో మాత్రం పశువుల డాక్టరు వారం వారం వచ్చి ఆవిడ గిట్టలు చూసి వెళ్లేవాడు.)

డోరిస్ కోలుకుంది. రక్తం తీశాం. జెల్ పలక మీద సీరం ఒకవైపు, నొరీన్ గారి రక్తం ఇంకోవైపు పోశాం. మధ్యలో తెల్లటి గీత పడింది. గీత పడిందంటే జబ్బు తిరిగొచ్చినట్టే. నాకు ఏడుపు ఆగలేదు.

"నాన్చకే పిల్లా, నీ మొహమే చెబుతోంది," అన్నారావిడ, డోరిస్ చెవులు నిమురుతూ.

కబురు తెలిసి లాక్లన్ పరుగున వచ్చాడు. టోపీ తీసేశాడు.

"చాలా బాధగా ఉందండీ నొరీన్ గారూ, డోరిస్ ఎలా తట్టుకుంటుందో ఏమో. మీరు ఎన్నాళ్లుంటారో కాస్త ముందుగా చెబితే, ఇంకో తోడుకు దరఖాస్తు పెట్టుకుంటాం."