ఫిన్లాండ్ చెత్తబండిలో ఉంది

శనివారం యూనింగ్ చెయ్యవలసిన పని ఒక్కటే. బస్సులో లేచి నిలబడి రెండు వాక్యాలు మాట్లాడాలి. సముద్రపొడ్డు ఊరు హైపూలో ఆమె ఈడు పిల్లలు ఆ పని పళ్లు తోముకుంటూ చేసేస్తారు. యూనింగ్ మాత్రం వారం నుంచీ సరిగ్గా అన్నం తినలేదు.

ఆ వేసవిలో హైపూ సేవా సంఘంవాళ్లు అంతర్జాతీయ యువ శిబిరం పెట్టారు. నానా దేశాల పిల్లలు రైలు దిగి బస్సెక్కి ఊళ్లోకి వస్తారు. వాళ్లతో పాటు వచ్చి, ఊరు చేరబోయే ముందు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పడానికి ఒకరు కావాలి. ఇంగ్లీషు రాతపరీక్షలో యూనింగ్‌ను మించినవాళ్లు ఊళ్లో లేరు. ఆమె గొంతు ఎలా ఉంటుందో మాత్రం పక్కింటివాళ్లకు కూడా తెలియదు.

అయినా ఆమె ఒప్పుకుందంటే దానికి కారణం ఫిన్లాండ్. వచ్చే ఏడాది సంఘం తరఫున ఒక్కరిని ఫిన్లాండ్ శిబిరానికి పంపుతారు. అక్కడి జనం బస్టాపులో కూడా ఒకరికొకరు బారెడు దూరంలో నిలబడతారనీ, ముక్కూమొహం తెలియనివాళ్లు పలకరిస్తే బెదిరిపోతారనీ ఆమె ఎక్కడో చదివింది. "ఏమ్మా, తిన్నావా?" అని దారిన పోయేవాళ్లు అడగని దేశం ఈ భూమ్మీద ఒకటుందని తెలిసిన రోజు ఆమెకు కళ్లు చెమర్చాయి. మాటలు అక్కర్లేని ఆ దేశానికి వెళ్లాలంటే ముందు ఇక్కడ మాట్లాడాలి. అదే వచ్చిన చిక్కు.

పొద్దున్నే నాయనమ్మ తన గంజి అంగట్లో పాలబొంత చేపల గంజి గిన్నె ఆమె ముందు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏదీ, నాకొకసారి చెప్పు."

యూనింగ్ పెదాలు కదిలాయి.

"వినపడలేదే!"

"ఇంకా చెప్పలేదు నాయనమ్మా."

"చాల్లే. ఈ గిన్నెలో చేపకు నీకంటే గొంతుంది. నీ వయసులో నేను చేపల వేలంలో కేకేస్తే వెళ్లిపోయే పడవలు వెనక్కి తిరిగొచ్చేవి. ఆ గొంతు మీ నాన్నకు రాలేదు, నీకూ రాలేదు. ఏ గంగలో కలిసిందో!"

అప్పటికే ఆ అంగట్లో సంఘం పెద్దలంతా చేరారు. ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ఒకసారి ప్రెసిడెంటు అయినవాళ్లను బతికినంతకాలం ప్రెసిడెంటు అనే పిలవాలి. సంఘానికి వయసెక్కువ, మనుషులు తక్కువ. అందువల్ల మామూలు సభ్యుడంటూ ఎవరూ మిగల్లేదు. "ప్రెసిడెంటు గారూ, ఉప్పు ఇదుగో" అని నాయనమ్మ అంటే బల్ల చుట్టూ ఉన్న చేతులన్నీ ఒక్కసారే లేచాయి.

ఈ ఏడు అసలు ప్రెసిడెంటు టైల్స్ కొట్టు జువాంగ్ గారు. ఆయన తన పసుపు కోటు సవరించుకుని ఏర్పాట్లు మరోసారి అప్పజెప్పారు.

"బస్సు బజారు మొదట్లో ఆగుతుంది. బ్యాండు మోగుతుంది. మనమంతా పసుపు కోట్లతో, పువ్వులు కట్టిన బండిలో ఎదురెళ్తాం. సామాన్లు బండిలో వేసుకుంటాం. పిల్లలు చేతులూపుకుంటూ భోజనాలకు నడిచొస్తారు. యూనింగ్, నువ్వేం చెప్పాలమ్మా?"

యూనింగ్ గంజిలోకి చూస్తూ గొణిగింది. "పాట వినపడగానే పసుపు కోట్లవాళ్లు బండితో వస్తారు. మీ సంచులు వాళ్లకిచ్చెయ్యండి."

"గంజికి కాదు తల్లీ, పిల్లలకు చెప్పాలి. ఇది సవ్యంగా చేశావా, ఫిన్లాండ్ సీటు నీదే," అన్నారు జువాంగ్ గారు. తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగారు. "చెత్తబండి జిన్‌లాన్‌కి కూడా చెప్పి ఉంచాను. మన పిల్లలు సముద్రపొడ్డున చెత్త ఏరి సంచులు తెచ్చిస్తారు, ఏమిచ్చినా నవ్వుతూ తీసుకో, ఫోటో దిగుదాం అని."

"చెత్త ఏరేది ఎల్లుండి కదా. ఆ సంగతి చెప్పావా?" అడిగారు ష్వే తాతగారు. ఆయన సంఘానికి మొట్టమొదటి ప్రెసిడెంటు.

"రోజు చెప్పడమెందుకండీ? తెల్లపిల్లలు కనపడితే ఆవిడకే తెలుస్తుంది."

మధ్యాహ్నం భోజనాలవేళకు రావలసిన బస్సు సాయంత్రానికి గానీ రాలేదు. దానికి కారణం నేపుల్స్ నుంచి వచ్చిన జినెవ్రా. ఆ పిల్ల బస్సెక్కగానే అందరి పేర్లూ అడిగింది, డ్రైవరు అత్తగారి ఆరోగ్యం కూడా అడిగింది. టీ కొట్టు కనపడిన ప్రతిచోటా బస్సు ఆపించి, సగ్గుబియ్యం ఉండలు వేసిన చల్లటి టీ అందరిచేతా తాగించింది. తాగినవాళ్లందరి కోసం బస్సు మళ్లీ మళ్లీ ఆపవలసి వచ్చింది.

యూనింగ్ పక్కన మాత్రం ఫిన్లాండ్ కుర్రాడు ఒస్కారి కూర్చున్నాడు. కూర్చోగానే ఇద్దరి మధ్యా తన చేతిసంచి గోడలా పెట్టాడు. ఆ తర్వాత దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదు. యూనింగ్ పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి పక్కన అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. ఫిన్లాండ్ గురించి చదివినవన్నీ నిజమే!

ఊరి పొలిమేర కనపడింది. ఆమె లేచింది. సీటు పట్టుకుంది. కళ్లు మూసుకుని, ఒక్క ఊపిరిలో ఆ రెండు వాక్యాలూ చెప్పేసింది.

బస్సంతా చప్పట్లు కొట్టింది. జినెవ్రా రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. యూనింగ్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. ఆమె సీటులోకి జారిపోయి, తల మోకాళ్ల మధ్య దాచుకుని, రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. బస్సు ఆగడం తెలిసింది. కాస్త మొహం ఎర్రదనం తగ్గాక దిగుదామనుకుంది.

ఇక్కడ బజారులో బ్యాండు లేదు. బ్యాండు మాస్టారు ఆకలికి తాళలేక "ప్రెసిడెంటు గారూ, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడట. ఒకరు ఆగమన్నారు, ఒకరు మొదలెట్టమన్నారు, ఒకరు ముందు తినిరమ్మన్నారు. బ్యాండువాళ్లు తమకు నచ్చిన ప్రెసిడెంటు మాట విని నూడుల్సు కొట్లో దూరారు. ప్రెసిడెంట్లేమో పువ్వుల బండిలో ముందు సీటు ఎవరిదన్న విషయం మీద సందు చివర ఇంకా వాదించుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే పాట వినిపించింది. పాట వెనకాలే పసుపు బండి వచ్చింది. బండి వెనక పసుపు కోట్లవాళ్లు వచ్చారు. ఇళ్లల్లోంచి జనం సంచులు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, నవ్వుతూ కబుర్లాడుతూ బండిలోకి విసురుతున్నారు. హైపూలో ఎంత చిన్నపిల్లాడికైనా ఆ పాట వినపడితే అది చెత్తబండి అని తెలుసు. తెలియనివాళ్లు ఆ సాయంత్రం బస్సు నిండా దిగారు.

"ఎంత చక్కటి స్వాగతం!" అని జినెవ్రా తన పెట్టెను బండిలోకి విసిరింది. మిగతావాళ్లూ విసిరారు. తెల్లపిల్లలు కనపడగానే జిన్‌లాన్ అక్కకు ప్రెసిడెంటు మాట గుర్తొచ్చింది. ఆమె జుట్టు సర్దుకుని, ఒక్కొక్క పెట్టే నవ్వుతూ అందుకుంది. ఒస్కారి మాత్రం తొందరపడలేదు. ముందు బండిని చూశాడు, వెనకాల సీసాలూ ప్లాస్టిక్కూ వేరుచేసే రెండో బండిని చూశాడు, తన పెట్టెను తట్టి చూసుకున్నాడు. చేతిసంచి మొదటి బండిలో వేసి, ప్లాస్టిక్ పెట్టెను రెండో బండికి తీసుకెళ్లాడు.

యూనింగ్ చెవుల మీద చేతులు తీసేసరికి బస్సు ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూసింది. చెత్తబండి కదిలి వెళ్లిపోతోంది. దాని నోట్లోంచి ఒస్కారి చేతిసంచి పట్టీ వేలాడుతోంది. ఆ సంచిలోనే అతని పాస్‌పోర్టు ఉంది. ఆ పట్టీతో పాటు ఫిన్లాండ్ కూడా మూల తిరగబోతోంది.

ఆమె దిగి పరుగు తీసింది. "ఆగండి" అంది. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు. శిబిరం పిల్లలు ఆమెను చూసి, స్వాగతంలో పరుగు కూడా ఉంది కాబోలనుకుని కేరింతలు కొడుతూ వెంటపడ్డారు. అంతమంది పరుగెత్తడం చూసి నాయనమ్మ చెత్త బకెట్టుతో వీధిలోకి వచ్చింది.

"ఏమిటే? ఏమిస్తున్నారు?"

"ఏమో పిన్నీ, ఊరికే ఇస్తున్నట్టున్నారు!" అంటూ పక్కింటావిడ చెప్పులు చేత్తో పట్టుకుంది. ఇద్దరూ పరుగందుకున్నారు. బజారు వాళ్ల వెనక నడిచింది. జనం చూసి బ్యాండువాళ్లు నోట్లో నూడుల్సుతోనే బయటికొచ్చి, వరస తప్పకుండా వాయిస్తూ వెనకచేరారు.

"మనం లేకుండానే ఊరేగింపు మొదలైందయ్యా!" అని కేకేశారు ష్వే తాతగారు. ప్రెసిడెంట్లంతా దొరికినచోట ఎక్కేశారు. పువ్వుల బండి పరుగు తీసింది.

ముందు పోతున్న చెత్తబండి డ్రైవరు అద్దంలో చూశాడు. జనం, బ్యాండు, పువ్వుల బండి. "ఏదో దేవుడు ఊరేగుతున్నాడు, పాపం దారికి అడ్డమున్నాను" అనుకుని మర్యాదగా వేగం పెంచాడు.

పువ్వుల బండి పక్కగా రాగానే యూనింగ్ దాని మీదికి ఎక్కేసింది. అది మామూలు రోజుల్లో చిలగడదుంపలు అమ్ముకునే బండి. దాని నెత్తిన మైకుంది. ఆమె మైకు లాక్కుంది. చెప్పవలసిందల్లా 'ఫిన్లాండ్ కుర్రాడి సంచి పొరపాటున అందులో పడింది' అని. అంత పెద్ద వాక్యం ఆ కంగారులో నోటికి రాలేదు.

"బండి ఆపండీ! ఫిన్లాండ్ అందులో ఉంది! ఫిన్లాండ్‌ను నలిపెయ్యకండీ!"

నాయనమ్మ గొంతు ఏ గంగలోనూ కలవలేదని ఆ క్షణాన ఊరందరికీ తెలిసింది. చేపల చెరువుల మీది కొంగలన్నీ లేచిపోయాయి.

"ఎవరట అందులో?"

"ఫిన్లాండట."

"ఎవరి పిల్లాడు?"

"శిబిరం పిల్లాడు! చెత్తబండిలో పడిపోయాడట!"

"అయ్యయ్యో, ఆ నలిపే మర ఆపించండర్రా!"

ఎవరో ఫైరింజనుకు ఫోను చేశారు. ఫైరింజను గంట కొట్టుకుంటూ ఎదురొచ్చేసరికి చెత్తబండి ఆగక తప్పలేదు. జువాంగ్ గారు చెమటలు కక్కుతూ శిబిరం పిల్లలను పేరుపేరునా పిలిచారు. అందరూ పలికారు. ఒస్కారి పలకలేదు.

"పిల్లాడు లేడు!" అన్నారాయన గుండె పట్టుకుని. "ప్రెసిడెంటు గారూ, ఏం చేద్దాం?" అని ఎవరో అన్నారు. ప్రెసిడెంట్లందరూ జువాంగ్ గారినే చూశారు. ఆ రోజంతటిలో ఆయనొక్కడే ప్రెసిడెంటుగా మిగిలిన క్షణం అది.

ఫైరింజనువాళ్లు బండి వెనకవైపు ఎక్కి అరటితొక్కల్లో చేతులు పెట్టారు. జినెవ్రా పెద్దగా ఏడవసాగింది. నాయనమ్మ ఆమెను పొదువుకుని "ఊరుకో తల్లీ, తిన్నావా అసలు?" అని ఓదార్చింది.

అంతలో రెండో బండి నింపాదిగా వచ్చి గుంపు వెనక ఆగింది. దాని మీద, సీసాల మధ్య, ఎవరో ఇచ్చిన పసుపు కోటు వేసుకుని ఒస్కారి నిలబడి ఉన్నాడు. పాల డబ్బాలను ఒకవైపూ సీసా మూతలను ఒకవైపూ పొందికగా సర్దుతున్నాడు. తన దేశం పేరు ఊరంతా మారుమోగడం అతను ఇంతసేపూ వింటూనే ఉన్నాడు.

యూనింగ్‌కు ఒళ్లు మండిపోయింది. చేతిలో మైకుందన్న సంగతి మరిచిపోయింది.

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదూ?" అని ఇంగ్లీషులో అరిచింది. "ఇంతమంది హడలి చచ్చిపోతుంటే అలా మౌనంగా ఎలా ఉంటావయ్యా? నీకు నోరు లేదా?"

బజారంతా ఆమె వైపు తిరిగింది. ఆ మాటలు అన్నది తనేనని ఆమెకు నమ్మకం కలగలేదు.

ఒస్కారి చేతిలోని సీసా మూతను మూతల వైపు పెట్టాడు. "నేనెక్కడున్నానని ఎవరూ అడగలేదు," అన్నాడు.

పెట్టెలన్నీ భద్రంగానే ఉన్నాయి. చెత్త నలిపే మర మీట నొక్కలేదా అని అడిగితే జిన్‌లాన్ అక్క కళ్లెర్రజేసింది. "ఎలా నొక్కుతాను? ఫోటో దిగాలన్నారు కదా! ఇందాకణ్నుంచీ నవ్వీ నవ్వీ దవడలు లాగేస్తున్నాయి. తీస్తారా తియ్యరా?" ఫోటో తీశారు. ఫైరింజనువాళ్లు కూడా దిగారు. పెట్టెలకు పట్టిన చేపల కంపు గురించి అతిథులెవరూ ఏమీ అనలేదు. అది ఈ ఊరి వాసన అనుకున్నారు.

చల్లారిన భోజనాలు మళ్లీ వేడి చేశారు. యూనింగ్ ఒక మూల కూర్చుని లోలోపలే లెక్క వేసుకుంది. రెండు వాక్యాలూ చెప్పింది. సంచులూ దొరికాయి. ఫిన్లాండ్ ఇంకా పోలేదేమో. ఎదురుగా ప్రెసిడెంట్లంతా తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో జినెవ్రా కూడా చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. చివరికి జువాంగ్ గారు లేచారు.

"సంఘం పుట్టాక మా అందరి మాటా ఒక్కటి కావడం ఇదే మొదలు," అన్నారు. "యూనింగ్, నీ గొంతు మాకు ఇన్నాళ్లూ తెలియలేదమ్మా. ఆ గొంతుతో ఫిన్లాండ్ వెళితే పాపం ఆ దేశం తట్టుకోలేదు. దానికి తగిన చోటుంది. నేపుల్స్! ఈ అమ్మాయి వాళ్ల ఊళ్లో అందరూ ఒకేసారి మాట్లాడతారట. అక్కడి శిబిరంలో మొదటిరోజు వేలమందిని నోరుముయ్యమని చెప్పగలిగే మనిషి ఇంతవరకూ దొరకలేదట. నిన్ను అక్కడికే పంపుతున్నాం. రోజూ వేదిక మీద నువ్వే మాట్లాడాలి!"

జినెవ్రా వచ్చి ఆమెను వాటేసుకుని, మా ఇంట్లోనే ఉంటావు, మా మేనత్తలందరూ నీతో కబుర్లు చెప్పడానికి వస్తారు అంది. ఒస్కారి ఆమె వైపు చాలా జాలిగా చూశాడు.

యూనింగ్ గబుక్కున లేచి నిలబడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఒక మాట గట్టిగా చెప్పాలని ఆమెకు ఇంతగా ఎప్పుడూ అనిపించలేదు. వద్దు. ఆ ఒక్క మాట చాలు. నోరు తెరిచింది. కానీ బజారంతా అరిచి అరిచి గొంతు పూర్తిగా పూడుకుపోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండు చేతులూ గట్టిగా ఊపింది. అందరూ తిరిగి చేతులూపారు.

సంఘం మినిట్సులో ఆ ఘట్టాన్ని ఇలా రాసుకున్నారు: నేపుల్స్ పేరు వినగానే కుమారి యూనింగ్‌కు ఆనందంతో నోట మాట రాలేదు.