పొగలేని వీధి

ఆ వీధిని పొగలేని వీధిగా ప్రకటించాలని ప్రభుత్వంవారు నిశ్చయించారు. ఇక మిగిలిందల్లా అధికారిగారు స్వయంగా వచ్చి, ఇంటింటా గ్యాసు పొయ్యి వెలుగుతుండగా కళ్లారా చూడడమే. పొయ్యి వెలగని ఇంటికి సిలిండరు మీద రాయితీ రద్దు. గ్యాసు వాడనివాళ్లకి గ్యాసు రాయితీ దేనికన్న ఆయన తర్కాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

పొయ్యి ఉచితంగానే ఇచ్చారు. మొదటి సిలిండరూ ఉచితమే. రెండోదాని దగ్గరికి వచ్చేసరికే జనం తమ అసలు బుద్ధి బయటపెట్టుకున్నారు. సగం ధర ప్రభుత్వం భరిస్తున్నా, మిగతా సగం భరించే నాగరికత వాళ్లకి అబ్బలేదు. కొందరు ఆ పొయ్యి మీద టీవీ పెట్టుకున్నారు. ఒకాయన చుట్టాలొచ్చినప్పుడు బయటికి తీసి చూపించి, మళ్లీ అట్టపెట్టెలో దాచేవాడు.

టైలరమ్మ ఒక్కతే దీనికి మినహాయింపు. ఆవిడ అత్తగారికి ఆయాసం. పొగకు దూరంగా ఉంచమని డాక్టరు, పళ్లు తినమన్నంత తేలిగ్గా చెప్పాడు. అందుకని బడిపిల్లల బట్టలు కుట్టిన కూలి చేతికందగానే ఆవిడ సిలిండరు తెచ్చేది. గిరాకీ లేని నెలల్లో కట్టెలే గతి. అత్తగారి ఊపిరి కూడా ఆ గిరాకీనిబట్టే ఆడేది.

తనిఖీకి ముందు వీధి వీధంతా కుళాయి దగ్గర సమావేశమై, గ్యాసున్న సిలిండరు టైలరమ్మ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదని తేల్చుకుంది. అధికారిగారు ముందు గుమ్మంలోంచి వస్తారు, సిలిండరు పెరటి దారిన వస్తుంది. అదీ ఏర్పాటు. ఇవ్వనూలేక, మాననూలేక టైలరమ్మ నసుగుతుంటే అత్తగారే మంచం మీంచి తీర్పు చెప్పేసింది.

"ఇచ్చెయ్యవే. వాళ్లందరికీ రాయితీ పోయి మనకొక్కళ్లకే ఉంటే, ఏ మొహం పెట్టుకుని వండుకుంటాం?"

ఇస్త్రీ ఆయన సిలిండరుని దుప్పట్లో మూటగట్టి, ఉతికిన బట్టల్లాగే భుజానికెత్తుకున్నాడు. అధికారిగారు ఒక ఇంట్లో మంట చూసి, వసారాలో టీ తాగి, నాలుగు మంచిమాటలు చెప్పి లేచేలోపల పక్కింట్లో నీళ్లు మరిగేవి. ఏ ఇంటికి వెళ్లినా టీ తప్ప ఇంకేమీ ఉడకడం లేదేమని ఆయన అడగలేదు. ఇస్త్రీ ఆయన అంతలా ఎందుకు రొప్పుతున్నాడనీ అడగలేదు. ఆయన చూడవచ్చింది మంటని. చివరిది టైలరమ్మ ఇల్లు. అప్పటికి గ్యాసు అడుగంటి, మంట మినుకుమినుకుమంటోంది. చూశారా ఎంత పొదుపుగా వాడుతున్నారోనని ఆయన మురిసిపోయారు. టైలరమ్మ గుడ్లనీరు కుక్కుకుంది. దాన్ని ఆనందబాష్పాలుగా నమోదు చేశారు.

వీధి చివర వేదిక మీద ఆయన గద్గదస్వరంతో ప్రసంగించారు.

"ఆదాయం పెరిగితే ఇంధనం మారుతుందని పుస్తకాల్లో చదివాను. ఇక్కడ ఇంధనం మారింది. అంటే ఆదాయం పెరిగిందని మీరే రుజువు చేశారు. ఇంతటి స్తోమత ఉన్న మీకు ఇంకా రాయితీ ఇచ్చి అవమానించలేను. ఈ రోజు నుంచి పూర్తి ధర చెల్లించే గౌరవం మీదే."

అర్థమయ్యేలోపలే జనం చప్పట్లు కొట్టేశారు. అలవాటు.

టైలరమ్మ మళ్లీ కట్టెల అడితికి వెళ్లింది. అక్కడా ధర పెరిగింది. ఇదేం అన్యాయమని అడిగితే అడితి యజమాని నొచ్చుకున్నాడు.

"నేనేం చెయ్యనమ్మా, కొత్త హోటలువాళ్లు బండ్లకి బండ్లు ఎత్తుకుపోతున్నారు. కట్టెల పొయ్యి మీద వండిందే కావాలంటున్నారట జనం. పొగ వాసన లేకపోతే ముట్టడం లేదట."

ఎండు కట్టెలన్నీ హోటలుకే పోయాయి. ఆవిడకి మిగిలినవి పచ్చి కట్టెలు. అవి రాజేస్తే మంట తక్కువ, పొగ ఎక్కువ. అత్తగారు గోడకి చేరగిలబడి దగ్గుతూనే ఉంది.

పోయిన ఆదివారం మీరూ ఇంటిల్లిపాదితో ఆ హోటల్లో కనిపించారు. రుచి బాగుందనే అన్నారు.