బోన్ క్రీక్ రోడ్డు మీద చెక్కుచెదరని కేకు

బోన్ క్రీక్ రోడ్డును చంపింది వాన కాదు. మా జిల్లాను ఏలే వరంబా షైర్ కౌన్సిల్ పెద్దలారా, మీరే. వాన నాలుగు గండ్లు కొట్టి తన దారిన తను పోయింది. చంపింది మీ మెత్తటి సీటు. ఈ మాట మీ మొహం మీదే అంటున్నాం. కాదంటే కాదని చెప్పండి. ఈలోగా జరిగింది జరిగినట్టు రాస్తున్నాం. మా జిల్లాలో ఇవన్నీ మామూలే గనుక చదివేవాళ్ళు ఆశ్చర్యపోవాల్సిన పని లేదు.

ఆ రోడ్డు చివర హాడోల గొర్రెల పొలం ఉంది. క్లారీ హాడోకు మూత్రపిండాలు రెండూ పోయాయి. వారానికి మూడు రోజులు ఊళ్ళో ఆస్పత్రికి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. భార్య మెర్ల్ పాత పికప్‌లో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొస్తుంది. రోడ్డు మొత్తం షెడ్డు రేకులాగ మడతలు మడతలు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ కుదుపులకు సూది గుచ్చినచోట కట్టు నెత్తురుతో తడిసిపోతుంది. వాగు పొంగితే ఆ రావడం కూడా ఉండదు. రోడ్డు బాగుపడకపోతే పొలం అమ్మేసి సముద్రం ఒడ్డునున్న నగరానికి పోవాలి. క్లారీ పోనంటాడు. పోకుండా ఉంటే చచ్చిపోతాడు. విషయం ఇంతే.

ఇంత చిన్న విషయం మీద కౌన్సిల్ చేసినంత గొప్ప ఆలోచన ఏ దేశంలోనూ చేసి ఉండరు. రోడ్డు చదును చేయాలంటే ముందు తనిఖీ చేయాలి. పోయినసారి తనిఖీకి వెళ్ళిన సభ్యుడికి నడుం పట్టేసింది. ఆయన రోడ్డు గురించి చాలా చెడ్డగా రాశాడు. నొప్పితో రాసిన నివేదిక నిష్పాక్షికం కాజాలదని కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. కాబట్టి నిష్పాక్షికమైన తనిఖీకి నిష్పాక్షికమైన బండి కావాలి. ఎంత గతుకులోనైనా నడుముకు తెలియనివ్వని ఫోర్ వీల్ డ్రైవ్.

దాన్ని ఎంపిక చేయడానికి నగరం నుంచి ఫెల్టన్ ఆష్బీ అనే సుఖయాన సలహాదారును పిలిపించారు. ఆయన మోకాళ్ళ దాకా బూట్లు, దుమ్ము తెలియని చొక్కా వేసుకుని వచ్చి, కౌన్సిల్ హాల్లో ఇలా ఉపన్యసించాడు: "సీటును కూర్చునే వస్తువుగా చూసినంత కాలం ఈ జిల్లా ముందుకు పోదు. సీటు ఒక దృక్పథం. మనం కూర్చున్న చోటు నుంచే గదా ప్రపంచాన్ని చూస్తాం." సభ్యులు కూర్చునే చప్పట్లు కొట్టారు.

చలికాలమంతా ఎంపిక సాగింది. బండి అడ్డదారుల్లోనే కాక దూరప్రయాణాల్లో కూడా సుఖంగా ఉండాలి గనుక, ఒక్కో సభ్యుడు కుటుంబంతో సహా ఒక్కో బండిలో సముద్రతీరానికి పోయి పరీక్షించి వచ్చాడు. ఒకాయన ద్రాక్షసారా తోటలన్నీ తిరిగి, డిక్కీలో ఎన్ని సీసాలు పగలకుండా పడతాయో చూసి వచ్చాడు. ప్రజాసేవలో అలసట ఎరగని మనుషులు. వేసవిలో స్టీరింగ్ ముట్టుకుంటే చేతులు కాలే మా జిల్లాలో సీటు వెచ్చబడే ఏర్పాటు తప్పనిసరి అన్నారు. బండికి ఫ్రిజ్ కావాలన్నారు. వాగులో దిగినా ఇంజనుకు ఊపిరాడేలా కప్పు దాకా గొట్టం కావాలన్నారు. వాగు పొంగితే క్లారీకి ఏ గొట్టం ఉందని అడగడం సాంకేతిక చర్చకు సంబంధం లేని విషయం.

ఆ కాలమంతా రోడ్లు చదును చేసే గ్రేడర్ కౌన్సిల్ పెరట్లో నిలబడే ఉంది. దాని బ్లేడు అరిగిపోయింది. కొత్త బ్లేడుకు పెట్టుకున్న డబ్బు సీట్లకు పోయింది.

ఆఖరికి ఒక చిక్కు వచ్చింది. ఏ బండి ఎక్కువ సుఖమో కొలవడం ఎలా? బరువున్న సభ్యులకు ఒకటి నచ్చింది, బక్కవాళ్ళకు ఇంకొకటి. మేయరు లిండ్సే ప్రౌస్‌కు అప్పుడు తట్టింది. మా జిల్లాలో దేవుడి మీద తగువు ఉంది, వాన మీద తగువు ఉంది. ఏటా జరిగే జిల్లా వ్యవసాయ ప్రదర్శనలో మొదటి బహుమతి కొట్టే మెర్ల్ హాడో స్పాంజ్ కేకు మీద మాత్రం తగువు లేదు. ఊదితే కూలిపోయేంత సుకుమారం అది. ఆయనే స్వయంగా ఆమె ఇంటికి బయల్దేరాడు.

"మెర్ల్, నీ కేకొకటి కావాలి."

"ఎవరి పుట్టినరోజు?"

"బండిది. వెనకసీట్లో పెట్టి మీ రోడ్డు మీద తిప్పుతాం. విరిగిందనుకో, బండి పనికిరాదన్నమాట."

"రోడ్డు పనికిరాదని మాత్రం అనుకోరు."

"బళ్ళో చదివేటప్పుడూ ఇంతే నువ్వు, టీచరుకు ఎదురుచెప్పందే కూర్చునేదానివి కాదు. చూడు, బండి వస్తే తనిఖీ. తనిఖీ అయితే గ్రేడర్. నువ్వు కేకు చెయ్యి, నేను రోడ్డు చేయిస్తా."

వరండాలో పడకకుర్చీలోంచి క్లారీ అన్నాడు: "గుడ్లు మా కోళ్ళవేనా లిండ్సే, కౌన్సిలేమన్నా పెడుతుందా?"

మెర్ల్ చేసింది. మొదటి బండిలో కేకు నెర్రె విచ్చింది. రెండోదాంట్లో పైనున్న క్రీమ్ పక్కకు జారింది. ఆమె మళ్ళీ చేసింది. మూడో బండిలో, బోన్ క్రీక్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి తిరిగొచ్చినా, కేకు పెట్టినది పెట్టినట్టే ఉంది. హాల్లో పెద్దలు లేచి నిలబడ్డారు. బండి కొన్నారు. ఊరంతా వరసకట్టి ఎక్కి కూర్చుని, మెత్తగా ఉందని చెప్పి దిగింది.

తర్వాత తనిఖీ. నివేదికలో ఇలా రాశారు: "గుంతలు కంటికి కనబడినవి గాని ఒంటికి తెలియలేదు. ఒంటికి తెలియని గుంతను పూడ్చుట ప్రజాధనమును దుర్వినియోగపరచుటయే. సాక్ష్యముగా కేకు జతపరచడమైనది." సాక్ష్యాన్ని టీతో పాటు సభ్యులు తిన్నారు. చదును చేయాల్సిన రోడ్ల నుంచి బోన్ క్రీక్ పేరు కొట్టేశారు.

ఆష్బీగారు అంతటితో ఆగలేదు. ఇంత సహజమైన గతుకులు దేశంలో అరుదనీ, గ్రేడర్ తగిలితే వాటి స్వభావం చెడుతుందనీ తాను నడిపే బండ్ల విహార సంఘం తరఫున విన్నవించాడు. రోడ్డు మొదట్లో బోర్డు పాతారు: "అనుభవజ్ఞులకు మాత్రమే." ఇప్పుడు శని ఆదివారాల్లో మెత్తటి బళ్ళు బారులు తీరి వస్తున్నాయి, ఉన్న గతుకుల్ని ఇంకా లోతు చేసి పోతున్నాయి. ఎదురుగా మెర్ల్ పికప్ కనబడితే పక్కకు ఆపి, అసలు సిసలు పల్లెబతుకని ఫోటో తీసుకుంటున్నారు. ఫోటోలో పక్కసీట్లో కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్న మనిషి క్లారీ.

గత సమావేశానికి మెర్ల్ వచ్చింది. క్లారీని తీసుకొచ్చింది. అతని ఒళ్ళో కేకు డబ్బా. మేయరు ముందు పెట్టి మూత తీసింది. లోపల పొడి.

ఆష్బీ వేలితో అద్ది నోట్లో వేసుకున్నాడు. సభ్యులూ రుచి చూశారు. చర్చ జరిగింది. శ్రీమతి హాడో వంటనైపుణ్యం సన్నగిల్లినందుకు ప్రగాఢ విచారం వ్యక్తం చేస్తూ తీర్మానం చేశారు. ఎవరూ వ్యతిరేకించలేదు.

"అదే పొయ్యి, అవే కోళ్ళు, అదే చెయ్యి లిండ్సే," అంది మెర్ల్. "నా పికప్‌లో వచ్చింది, అంతే తేడా. పోనీ, రోడ్డు వద్దు. ఈ మనిషిని మీ బండిలో తిప్పండి. కేకును మోశారుగా."

"అది తనిఖీ వాహనం మెర్ల్. రోగి ఎక్కితే అంబులెన్స్ అయిపోతుంది. అంబులెన్స్ మన శాఖ కాదు. పైగా తోలు సీట్లు. రక్తం మరక పోదంట."

"అయితే నన్ను కేకని రాసుకో లిండ్సే," అన్నాడు క్లారీ. "కావాలంటే మీద క్రీమ్ పూసుకొస్తా."

"నవ్వించకు క్లారీ, మీటింగ్ నడుస్తోంది."

నవ్వారు. క్లారీ కూడా నవ్వాడు. తర్వాత విషయానికి వెళ్ళారు. బండి కప్పు మీద గుడారం పెట్టించుకునే విషయం.

ఉత్తరాన మబ్బు పడుతోంది. వాగు ఏ రోజైనా పొంగొచ్చు. పొంగితే పికప్ దాటదు.

చదివేవాళ్ళకు ఒక మాట. ఇంతకీ కొన్నది ఏ కంపెనీ బండి అని ఈపాటికి మీ నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. మాకు తెలుసు. ఈ సంగతి ఎక్కడ చెప్పినా మొదట అడిగేది అదే. క్లారీ ఎలా ఉన్నాడని తర్వాత అడుగుతారు, అదీ గుర్తుంటే. బండి పేరు చెప్పం.

కౌన్సిల్ పెద్దలారా, ఆ బండి అమ్మండి. గ్రేడర్‌కు బ్లేడు తగిలించండి. సోమవారం తెల్లవారేసరికి అది బోన్ క్రీక్ రోడ్డు మీద ఉండాలి. పని పూర్తయ్యేదాకా ఆస్పత్రి రోజుల్లో క్లారీ హాడో మీ తోలుసీట్లో కూర్చుంటాడు, మేయరు మెర్ల్ పికప్‌లో వెనకాల వస్తాడు. మరక పడితే పడనీండి.